పల్చటి జిగురు

తొమ్మిదో నంబరు బస్సు ఎక్కినవాళ్లు దిగాల్సిన చోట దిగరని ఆ ఊళ్లో ఒక మాట ఉండేది. బస్సు ఆగక కాదు. కండక్టరు చెప్పే కబురు సగంలో ఉండగా దిగడానికి మనసొప్పక. ఒక పెద్దమనిషి పన్ను పీకించుకోవడానికి బయలుదేరి, కబుర్లు వింటూ ఆసుపత్రి దాటి, డిపో దాకా పోయి, అక్కడ నోరు తెరిచి నవ్వేసరికి పన్ను దానంతటదే ఊడి పడిందనేవారు. అందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగానికి కండక్టరు నోరే సాక్ష్యం.

ఆ రోజు కండక్టరు భార్య కూడా ఆ బస్సులోనే ఉంది. సంచులు చేయడానికి చిత్తుకాగితాల కొట్లో కొన్న కట్టను ఒళ్లో పెట్టుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కండక్టరు ఆమె ముఖం చూడకుండానే టిక్కెట్టు కొట్టి చేతిలో పెట్టి, బస్సు నడుమ స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. అతను అలా నిలబడితే జనం మాటలు ఆపేస్తారు.

"ఒక్క ప్రశ్న. రేకు డబ్బా ముందు పుట్టిందా, దాన్ని తెరిచే పరికరం ముందు పుట్టిందా?"

"రెండూ కవలపిల్లలై ఉంటాయి," అన్నారెవరో వెనకనుంచి.

"కాదు సార్! డబ్బా పుట్టిన నలభై ఏళ్లకు గానీ తెరిచేది పుట్టలేదు. అందాకా ఉలీ సుత్తీ. సైనికులైతే కత్తులు పెట్టి పొడిచేవాళ్లట. తిండి ఎదురుగా, ఆకలి లోపల, మధ్యలో రేకు!"

ఎడమ అరచేతి మీద కుడి పిడికిలితో సుత్తి దెబ్బ కొట్టి చూపించాడు. బస్సంతా ఘొల్లుమంది.

కండక్టరు భార్య తన చేతుల వంక చూసుకుంది. తెల్లవారి క్యారేజీ కడుతూ ఆ కబురు చెప్పింది తనే. సుత్తి దెబ్బ తనదే. "మధ్యలో రేకు" అన్నదీ తనే. రోజూ ఉన్నదే. ఆమె చెబుతుంది, అతను పట్టుకుపోతాడు. ఇన్నాళ్లూ అదేమీ బాధ అనిపించలేదు సరికదా, తన మాటకు అంతమంది నవ్వుతున్నారని లోలోపల మురిసేది కూడా.

పక్కన బుట్టతో కూర్చున్న కూరగాయలావిడ మోచేత్తో పొడిచింది. "నువ్వు ఈయన ఇల్లాలివేగా? అదృష్టవంతురాలివమ్మా. ఇంట్లోనే బడి!"

ఆ మాట కండక్టరు చెవిన పడింది. "దానికా? బండరాయి మీద వానే. కాగితాలు మడుస్తుంది గానీ చదవదండీ. ఏనుగు బొమ్మ వస్తే అటు తిప్పి జిగురు రాసేస్తుంది, పాపం!"

బస్సు మళ్లీ నవ్వింది. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. నవ్వుతూ కట్టకు చుట్టిన పురికొసను వేలికి చుట్టుకుని లాగుతూనే ఉంది, వేలు తెల్లబడేదాకా. ఎదుటి అద్దంలోంచి డ్రైవరు ఒక్కడే నవ్వకుండా ఆమెను చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి, కట్ట విప్పి, పీట ముందు కూర్చుంది.

కాగితపు సంచి చేయడం చూసేవాళ్లకు తేలిక. ఒక అంచు మీదికి మరో అంచు మడవాలి, అంచు వెంట వేలితో జిగురు లాగాలి, అరచేతి మడమతో ఒక్క తోపు తోయాలి, అడుగు అటూ ఇటూ మడిచి అతికించి రాయి కింద పెట్టాలి. మడతకీ జిగురుకీ మధ్య ఒక రెప్పపాటు దొరుకుతుంది. ఆ రెప్పపాటులోనే ఆమె చదివేది. చిత్తుకాగితాల కొట్టువాడు పాత పత్రికలను దొంతరగా పెట్టి ఒక్క కత్తిపోటుతో సంచి కొలతకు కోసేస్తాడు. కత్తికి వాక్యం ఎక్కడ ముగిసిందో ఏం పట్టింది? అందుకే ఆమెకు లోకమంతా సగంసగంగా వచ్చేది. రాజు పోటు తినేది ఒక ముక్కలో, చచ్చేది మరో ముక్కలో. మొదటి సగం దొరికితే రెండో సగం కోసం కట్టంతా గాలించేది. దొరకని రోజు అన్నం సహించేది కాదు.

ఆ రోజు మాత్రం ఏదీ చదవలేదు. బొమ్మ వస్తే అటు తిప్పి జిగురు రాసింది.

అత్తగారు మంచం మీద కూర్చుని, ఆరిన సంచులను దులిపి దొంతర పెడుతోంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. కానీ మనిషి ముఖంలో ఏముందో కామాలతో సహా చదివేస్తుంది.

"ఏమే, ఇవాళ ఆ కాగితాల్లో ఎవరూ చావలేదా? నోరు మూసుకుని కూర్చున్నావు."

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే ఆ జిగురేం పాపం చేసింది? గోడకు సున్నం వేసినట్టు పూస్తున్నావు."

కోడలు చెప్పింది. బస్సులో జరిగినదంతా, ఏనుగు బొమ్మతో సహా. అత్తగారు వింటూ దొంతర సర్దడం ఆపలేదు.

"వాడికి అది వాళ్ల నాన్న పోలిక," అంది చివరికి. "నేను అల్లిన పొడుపుకథలన్నీ తనవేనని చెప్పుకుంటూ బతికాడు మీ మామ. పోయిన రోజు ఎంతమంది వచ్చారో! 'అంత గొప్ప పొడుపుకథలు ఇంకెవరు చెబుతారు తల్లీ' అని నా మీద పడి ఏడ్చారు. నేనూ ఏడ్చాననుకో. వాళ్ల కారణం వేరు, నా కారణం వేరు."

మర్నాడు పొద్దున కండక్టరు బూటు లేసు కట్టుకుంటూ రోజూలాగే అడిగాడు. "ఇవాళేమిటి?"

చెప్పనని అనవచ్చు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పకపోతే ఏమవుతుంది? ఒక రోజు అతను పాత కబురు చెబుతాడు. అంతే. అతను నవ్వించింది బస్సెడు మందిని. తనొక్కతే చూసేలా వంటింట్లో తీర్చుకుంటే ఆ బాకీ తీరదు.

"శుక్రగ్రహం మీద ఏడాది కన్నా రోజు పెద్దదట," అంది.

"భలే! అచ్చులో ఉందా?"

"ఉంది."

"అయితే నిజమే." కండక్టరు శాస్త్రం అదే. నోటి మాట గాలి, అచ్చు మాట రాయి. తను మాత్రం చదివేవాడు కాదు. రెండు వరుసలు చదివితే ఆవలింత, నాలుగు చదివితే గురక. "బాగుంది గానీ ఇది బస్సుకు సరిపోతుంది. ఆదివారం పోటీకి సరిపోదు. దానికి మాంచిది చూసి పెట్టు. నోరెళ్లబెట్టాలి జనం!"

ఏటా ఒక ఆదివారం డిపోలో సిబ్బంది కలుసుకునేవారు, ఇంటివాళ్లతో సహా. భోజనాలయ్యాక వింతల పోటీ. ఒక్కొక్కరు ఒక్క వింత చెప్పాలి. అది నిజమై ఉండాలి. రిటైరైన చరిత్ర మాస్టారు ఒకాయన తీర్పరి. అన్నిటికన్నా గొప్ప వింత చెప్పినవాడికి బహుమతి. అబద్ధం చెప్పి దొరికినవాడికి గాడిద టోపీ. ఆ పొడవాటి కాగితపు టోపీ పెట్టుకుని తన తర్వాత మరొకడు దొరికేదాకా కూర్చోవాలి. కండక్టరు ఏటా 'నేను చదివాను' అంటూ మొదలుపెట్టి బహుమతి తెచ్చుకునేవాడు. ఏటా ఆ టోపీని చేసి పంపేది కండక్టరు భార్య. ఊళ్లో అంత మందం కాగితం మడిచే చెయ్యి మరొకటి లేదు.

"టోపీ కూడా మర్చిపోకు," అన్నాడు గుమ్మం దిగుతూ.

"మర్చిపోను," అంది.

అతను వీధి మలుపు తిరిగాక, మేకుకు వేలాడుతున్న పాత యూనిఫాం టోపీ తీసి, పురికొసతో లోపలి చుట్టుకొలత తీసింది. కండక్టరు తల చాలా పెద్దది. బజారులో దొరికే టోపీలేవీ పట్టవని అతను గర్వంగా చెప్పుకునేవాడు. పురికొసకు అక్కడ ముడి వేసి, జాకెట్టులో దోపుకుంది.

ఇక కావాల్సింది ఒక అబద్ధం. నోటితో చెబితే నమ్మడు, అచ్చు అడుగుతాడు. ఆమె దగ్గర అచ్చుయంత్రం లేదు. కత్తెర, జిగురు ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం కట్ట మొత్తం ముందేసుకుంది. ఏ సగాన్ని ఏ సగానికి అతికిస్తే తల తిరిగే అబద్ధం పుడుతుందా అని ముక్కలు మార్చి మార్చి చూసింది. వంటగదిలో దీపావళి చిచ్చుబుడ్డి వెలిగించినంత వెలుగు వచ్చింది ఆమె ముఖంలోకి, కట్ట అడుగున ఒక ముక్క దొరికేసరికి. దాని మీద మరతుపాకీ బొమ్మ. కింద అక్షరాలు: "శత్రువును తరిమేందుకు మరతుపాకులతో సైన్యం గోధుమ పొలాల్లోకి దిగింది. వేల తూటాలు పేల్చినా" — అక్కడికి కత్తి పడింది. ఏదో యుద్ధం. ఆ సైన్యం గెలిచిందో ఓడిందో కత్తికే తెలియాలి.

కట్ట నడుమ ఇంకో ముక్క. పొడుగు కాళ్ల పెద్ద పక్షి బొమ్మ. "ఈమూ పక్షులను అందుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎగరలేకపోయినా గుర్రాల్లా పరుగెత్తాయి. చివరికి గెలుపు వాటిదే." ఏదో పరుగు పందెం సంగతి అనుకుంది.

పైముక్క కింద కిందిముక్క పెట్టి చూసింది. సైన్యం మరతుపాకులతో దిగితే పక్షులు గెలిచాయి! పసిపిల్లాడు కూడా నమ్మని అబద్ధం. మొగుడు మాత్రం నమ్ముతాడు. అచ్చులో ఉంటుంది కదా. ఆమెకు ఒళ్లంతా తేనె రాసినంత తియ్యగా అనిపించింది.

అంచులు సరిచేసి, జిగురు గిన్నె దగ్గరికి లాక్కుంది. అత్తగారు మంచం దిగి వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది.

"పైన తుపాకీ, కింద కోడి. ఏం వండుతున్నావే?"

"మీ అబ్బాయికి ఆదివారం క్యారేజీ."

ముసలావిడ కాసేపు ఆ ముక్కల వంక, కాసేపు కోడలి వంక చూసింది. పీట పక్కనే ఉన్న టోపీ కాగితమూ, దాని మీద చుట్టిన ముడి వేసిన పురికొసా చూసింది. మూలనున్న చెంబు అందుకుని జిగురు గిన్నెలోకి నీళ్లు వంచింది.

"అయ్యో అత్తయ్యా! పల్చబడితే ఎక్కువసేపు అంటుకోదు."

"ఎవరు అంటుకోమన్నారు?" అని మళ్లీ మంచమెక్కింది.

ఆదివారం డిపో షెడ్డులో బస్సులన్నీ బయటికి తీసి కుర్చీలు వేశారు. నేల కడిగినా నూనె మరకలు పోలేదు. ఎవరు జారిపడతారా అని అందరూ ఎదురుచూస్తూ నడుస్తున్నారు. డ్రైవరే సభ నడిపేవాడు. బల్ల ముందు సోడాబుడ్డి అద్దాల చరిత్ర మాస్టారు, ఆయన పక్కన బహుమతికి పెట్టిన గోడ గడియారం, దాని పక్కన పొడవాటి కాగితపు టోపీ.

మొదట మెకానిక్కు లేచి ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయన్నాడు. మాస్టారు తలూపాడు. తర్వాత చెకింగు ఇన్‌స్పెక్టరు లేచి, మనిషి తన మెదడులో పదోవంతే వాడతాడని గంభీరంగా సెలవిచ్చాడు.

"అది అందరూ అనే మాటే బాబూ, నిజం కాదు. మనిషి మెదడంతా వాడతాడు," అన్నాడు మాస్టారు. "వాడనివాళ్లు ఉంటే అది వాళ్లిష్టం."

నవ్వుల మధ్య డ్రైవరు టోపీ తెచ్చి ఇన్‌స్పెక్టరు తల మీద పెట్టాడు. అది కళ్లు దాటి ముక్కు మీదికి జారింది. ఎత్తి పెడితే మళ్లీ జారింది. "ఏమిటిది, ఈసారి బస్సుకు చేయించారా?" అని లోపలినుంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది. ఆడవాళ్ల వరుసలో కండక్టరు భార్య కొంగు సర్దుకుంది. పక్కన అత్తగారు గొంతు సవరించుకుంది.

చివరికి కండక్టరు లేచాడు. బల్లకు వీపు ఆనించి నిలబడ్డాడు. జనం మాటలు ఆపేశారు.

"యుద్ధాలు చాలా విన్నాం. రాజులు రాజులతో చేశారు, దేశాలు దేశాలతో చేశాయి. పక్షులతో యుద్ధం చేసి ఓడిపోయిన సైన్యం గురించి ఎవరైనా విన్నారా? ఈమూ పక్షులు! ఎగరడం కూడా రాని పక్షులు! వాటి మీదికి మరతుపాకులతో సైన్యం దిగింది. వేల తూటాలు పేల్చింది. చివరికి గెలుపెవరిది? పక్షులదే!"

షెడ్డు రేకులు లేచిపోయేంత నవ్వు.

"పక్షుల సేనాపతి ఎవరు సార్, కాకా?"

"మా పెరట్లో కోళ్లకు చెప్పకండి, రాజ్యం అడుగుతాయి!"

ఇది కండక్టరుకు అలవాటైన నవ్వు కాదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వకండి! అచ్చులో ఉంది!" అంటూ జేబులోంచి భార్య ఇచ్చిన కాగితపు సంచి తీసి పైకెత్తాడు. ఉదయంనుంచి ఆ జేబులో చెమటకు నానిన సంచి.

"చూడనీ గురూ," అని డ్రైవరు చెయ్యి చాపాడు. కండక్టరు విదిలించాడు. అతనొక కొస, ఇతనొక కొస. సంచి నడుమ చప్పుడైనా లేకుండా, మాగిన పండు విడిపోయినట్టు, రెండుగా విడిపోయింది. ఒకరి చేతిలో సైన్యం, ఒకరి చేతిలో పక్షి.

"అతుకు! అతుకు!" అని షెడ్డంతా అరిచింది. ఇన్‌స్పెక్టరు సంతోషంగా టోపీ తీసేశాడు.

కండక్టరు భార్య కదలకుండా కూర్చుంది. ఇదే కావాలనుకుంది. బస్సెడు మంది నవ్వుకు షెడ్డెడు మంది నవ్వు. తీరిపోయింది. ఆ నవ్వును ఒక్కొక్క గుక్కే తాగుతూ ఉండగా మొగుడి వేలు తన వైపు తిరగడం చూసింది.

"నాకేం తెలుసండీ!" అని అరిచాడు కండక్టరు. "ఇదంతా దాని పనే! సంచి ఇచ్చింది అదే. ఇదొక్కటే ఏమిటి, రోజూ అన్నీ చదివి చెప్పేది అదే! డబ్బా సంగతి అదే చెప్పింది, శుక్రగ్రహం అదే చెప్పింది. అది చెప్పింది నేను బస్సులో వినిపిస్తానంతే. తప్పయితే దాన్నడగండి, నన్నెందుకంటారు?"

జనం ఇటు తిరిగారు. నవ్వు దిశ మారింది. గొప్పయితే అతనిది, తప్పయితే తనది అనుకుంది ఆమె. ఇంత గోతిని తవ్వి, అందులో తనే నిలబడింది.

"అదేమిటి గురూ," అన్నాడు డ్రైవరు తాపీగా. "మొన్న బస్సులో మా చెల్లెమ్మ చదవనే చదవదన్నావు?"

కండక్టరు చేతిలోని ముక్కను జేబులోకి తోయబోయాడు.

ఈ గోలలో చరిత్ర మాస్టారు చెయ్యి చాపాడు. "ఆ ముక్కలు రెండూ ఇలా తే," అన్నాడు. బల్ల మీద పరిచి, కళ్లద్దాలు నుదుటికెత్తి, ముక్కు ఆనేంత వంగి చూశాడు. ఒక ముక్కను వేలితో జరిపి రెండో దానికి చేర్చాడు. అచ్చు వరుసల పక్కనుండే నిలువు గీత ఈ ముక్కనుంచి ఆ ముక్కలోకి తిన్నగా కలిసింది.

"ఎవరమ్మా వీటిని కలిపింది?"

ఆమె లేచి నిలబడింది. "నేనేనండీ."

"మంచి పని చేశావు. ఇవి రెండూ ఒకే కాగితం." ఆయన జనం వైపు తిరిగాడు. "అబ్బాయిలూ, ఇది నిజం. ఆస్ట్రేలియాలో జరిగింది, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో. ఈమూలు గోధుమ చేలు పాడు చేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటే, ప్రభుత్వం మరతుపాకులిచ్చి సైనికులను పంపింది. ఆ పక్షులు చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఒక పట్టాన చిక్కలేదు. చివరికి సైనికులే వెనక్కి వచ్చేశారు. నేను పాఠం చెప్పినప్పుడు కూడా పిల్లలు ఇలాగే నవ్వేవారు."

ఆ షెడ్డులో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆమే. అబద్ధం అల్లానని పొంగిపోయి, కత్తి కోసిన నిజాన్ని మళ్లీ అతికించింది! ఆ ఆశ్చర్యాన్ని కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు తుడిచేసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

కండక్టరు ముఖం వెలిగిపోయింది. "చెప్పానా! అచ్చులో ఉందన్నానా! నేను మొదటినుంచీ—"

"ఆగు బాబూ," అన్నాడు మాస్టారు. "ఇది నీది కాదన్నావుగా. ఇంతమందిలో అన్నావు." గడియారాన్ని బల్ల మీదినుంచి ఎత్తి, ఆడవాళ్ల వరుస వైపు చాచాడు. "రా తల్లీ."

ఆమె వెళ్లి తీసుకుంది. నూనె మరక మీద జారలేదు.

"మరి టోపీ, మాస్టారూ?" అన్నాడు డ్రైవరు. "పక్షులు నిజమైతే టోపీ ఊరికే పోతుందే."

"ఇన్నేళ్లుగా ఈ షెడ్డులో నిలబడి, 'నేను చదివాను' అన్నదెవరయ్యా?"

డ్రైవరు ఇక ఆలస్యం చేయలేదు. కండక్టరు తల మీద టోపీ పెట్టాడు. అది జారలేదు, బిగియలేదు. చెవుల పైన గీత గీసినట్టు కూర్చుంది.

"ఓరి నీ! కొలిచి చేసినట్టుంది గురూ!"

కండక్టరు మెల్లగా తల తిప్పి భార్య వంక చూశాడు. ఆమె గడియారం ముల్లు కదులుతోందో లేదో చూస్తోంది. "మా కోడలి చేతిపని అంతేనయ్యా," అంది అత్తగారు గట్టిగా. "ఎవరి తలకు తగ్గది వాళ్లకు చేస్తుంది."

మర్నాడు పొద్దున గడియారం గోడకెక్కింది, యూనిఫాం టోపీ మేకుకు ఎదురుగా. పీట ముందు కొత్త కట్ట విప్పి ఉంది. ఆమె మడుస్తోంది, వేలితో జిగురు లాగుతోంది, అరచేతి మడమతో తోస్తోంది. మడతకీ జిగురుకీ మధ్య రెప్పపాటులో పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. ఒకచోట ఆగి, మళ్లీ చదివి, కిసుక్కున నవ్వింది కూడా.

కండక్టరు లేసు ఒకసారి కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. రాత్రంతా ముఖం మాడ్చుకున్నవాడు ఇప్పుడు గొంతులో వెన్న వేసుకున్నాడు. బస్సు జనం ఊరుకోరని అతనికి తెలుసు. స్తంభానికి వీపు ఆనిస్తే చాలు, అన్ని ముఖాలూ ఇటు తిరుగుతాయి.

"ఏమే... ఇవాళేమిటి?"

ఆమె ఆ ముక్కను అటు తిప్పి, అంచు వెంట జిగురు రాసింది. ఈసారి జిగురు చిక్కగా ఉంది.

"నన్నా అడుగుతున్నారు?" అంది, తలెత్తకుండా. "నేను కాగితాలు మడుస్తానండీ. చదవను."

ఆ రోజు తొమ్మిదో నంబరు బస్సులో అందరూ దిగాల్సిన చోటే దిగారు.